బడికి వెళ్లు బిడ్డకు ఇంటి చదువు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, 2 తిమోతి 1:5



జూను నెలలో బడులు తెరచినప్పుడు మన పల్లెలలో ఎందరో చిన్నబిడ్డలు క్రొత్త సంచి భుజమున వేసికొని ఒకటవ తరగతిలో కాలుపెట్టుదురు. ఆ దినమున తల్లి కన్నులలో సంతోషముండును, దానితోపాటు కొంచెము భయమునుండును. “మాకు అక్షరము రాదు, బిడ్డకు మేమేమి నేర్పగలము? అంతయు పంతులుగారే చూచుకొనవలెను” అను మాట చీరాల చుట్టుపట్ల అనేక గృహములలో మేము వింటిమి. మగ్గము గుంటలో కూర్చున్న నేతపనివారి నోట వింటిమి. వాడరేవున వలలు బాగుచేసికొను వారి నోట వింటిమి. వేటపాలెము వైపు జీడిపప్పు పనికి పోవు తల్లుల నోటను వింటిమి. ఈ మాట వినయముతో పలికినదే గాని నిజము కాదు. ఎందుకు కాదో ఈ పాఠములో ఆలోచింతము.

పైని చెప్పిన మొదటి భాగము చదువుడి. బిడ్డలకు నేర్పవలసిన వేళలు అక్కడ నాలుగు కనబడును: ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఈ నాలుగింటిలో ఒకటియు బడివేళ కాదు! అన్నియు ఇంటివేళలే. తిమోతి మొదట నేర్చుకొన్నది అవ్వయైన లోయి యొద్దను, తల్లియైన యునీకే యొద్దను. కాబట్టి ఇంటి చదువు మనకు క్రొత్తది కాదు.

1. మేము చేసిన పొరబాటు

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు మేము ఒప్పుకొందుము. మా యింటి పిల్లవాడు ఒకటవ తరగతిలో చేరిన సంవత్సరము, ప్రతి సాయంకాలము వానిని దీపము క్రింద కూర్చుండబెట్టి ‘అ’ మొదలు ‘ఱ’ వరకు పలక నిండ దిద్దించితిమి. అంకెలు నూరు వరకు వల్లింపజేసితిమి. తప్పినప్పుడు బెత్తము చూపితిమి, ఒకటి రెండుమారులు కొట్టితిమి కూడ. నెల తిరుగకుండ వాడు పలకను గాదె వెనుక దాచుటయు, ప్రొద్దు క్రుంకగానే కడుపునొప్పి యనుటయు మొదలుపెట్టెను. “వీనికి లెక్క రాదు” అని మేము తీర్మానించితిమి.

అప్పుడు వాని నాయనమ్మ, సంతకము కూడ చేయనేరని ముసలామె, ఇట్లనెను: “వాడికి లెక్క రాకపోవటమేమిటి అబ్బాయీ? నిన్న చింతపిక్కలు నలుగురికీ సమానంగా పంచింది వాడేగా. మిగిలిన రెండూ చెల్లెలికిచ్చాడు. నువ్వు చూడలేదు.”

నిజమే, మేము చూడలేదు. వాడు భాగహారము చేసినాడు, శేషమును కూడ చూచినాడు, దాని పేరు మాత్రము ఎరుగడు. ఆ దినమున బెత్తము అటక ఎక్కినది. ఇకమీద వ్రాయునదంతయు ఆమె నేర్పిన దారిలోనిదే.

2. మొదట మాట, తరువాత అక్షరము

బిడ్డ ఎన్ని మాటలు వినునో, ఎన్ని మాటలాడునో, చదువునకు అంత బలము. తానెరిగిన మాటను అక్షరములలో గుర్తుపట్టుట సులువు, ఎన్నడు విననిమాటను గుర్తుపట్టుట కష్టము. కావున బడినుండి రాగానే “ఏమి వ్రాసితివి?” అని అడుగుటకు బదులు “ఈ వేళ ఎవరితో ఆడుకొంటివి? ఏమి జరిగినది?” అని అడుగుడి. మొదట జరిగినది, తరువాత జరిగినది, చివర జరిగినది వరుసగా చెప్పనిండు. అడ్డురావద్దు. రాత్రి ఒక కథ చెప్పుడి. మరునాడు ఆ కథనే బిడ్డచేత చెప్పించుడి.

శబ్దములతో ఆడు ఆట ఒకటి కలదు. వంట చేయుచునే ఆడవచ్చును. “‘మ’తో మొదలగు మాటలు చెప్పు” అని తల్లి యనును. మల్లె, మామిడి, మగ్గము, మిరప అని బిడ్డ చెప్పును. చెవికి ఈ తేడా తెలిసినగాని కంటికి అక్షరము నిలువదు. దీనికి తల్లికి చదువు అక్కరలేదు, నోరును ఓపికయు చాలును. చేతిఫోను బిడ్డకిచ్చి ఊరకుండబెట్టితిమేని అది మాటలాడును గాని బిడ్డ మాటను వినదు.

3. ఇంటిలోనే లెక్కలు

“ఒకటి, రెండు” అని పాటవలె పలుకుట లెక్క కాదు. ఒక్కొక్క వస్తువును తాకుచు ఒక్కొక్క అంకె చెప్పుటయే లెక్క. ఇంట ఆరుగురుంటే ఆరు కంచములు పెట్టుమనుడి. నాయన రాలేదు, ఎన్ని తీయవలెను? ఇదే తీసివేత.

వామనగుంటలు ఆడించుడి. రెండు వరుసల గుంటలలో చింతపిక్కలు ఒక్కొక్కటిగా వేయుచు పోవు బిడ్డ, చేయి ఎక్కడ ఆగునో ముందుగా ఊహించుట నేర్చుకొనును. సముద్రమునకు పోయినప్పుడు గవ్వలు ఏరి పదేసి కుప్పలు చేయించుడి. పది పదులు నూరని వల్లింపక యే తెలియును. క్రిస్మసునకు వాకిట చుక్కలముగ్గు వేయు అక్క ప్రక్కన కూర్చుండబెట్టుడి. అయిదు చుక్కలు, నాలుగు, మూడు, రెండు, ఒకటి; అన్నియు కలిపి పదునైదు.

నేతవారింట వేరే పుస్తకమెందుకు? పడుగులో ఎరుపు రెండు, తెలుపు నాలుగు, మరల ఎరుపు రెండు వచ్చుచుండగా “తరువాత ఏ రంగు?” అని అడుగుడి. వరుసను కనిపెట్టుట గణితమునకు పునాది. అయితే ఒక హెచ్చరిక: నేర్చుకొనుటకు కండెను బిడ్డ చేతికిచ్చుట వేరు, కూలి కలిసివచ్చునని రాట్నము వద్ద కూర్చుండబెట్టుట వేరు. మొదటిది చదువు, రెండవది బిడ్డ చదువును అమ్ముకొనుట.

దేవాలయములో విన్న కథలలోను లెక్కలున్నవి. అయిదు రొట్టెలు, రెండు చేపలు కలిపి ఎన్ని? నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోగా మిగిలినవెన్ని? తప్పిపోయినది ఒక్కటే గదా యని కాపరి ఏల ఊరకుండలేదు? ఈ చివరి ప్రశ్నకు బిడ్డలు చెప్పు జవాబులు పెద్దలు వినదగినవి.

4. వ్రాయుటకు ముందు వ్రేళ్లు

అయిదారేండ్ల బిడ్డ వ్రేళ్లు ఇంకను లేతవి. బలపము గట్టిగా పట్టించి గంటసేపు దిద్దించితిమేని వ్రేళ్లు నొచ్చును, మనస్సును నొచ్చును. వేరుశెనగకాయలు ఒలిపించుడి. చిక్కుళ్లకు ఈనెలు తీయించుడి. పూలు గుచ్చనిండు. చపాతీపిండితో పామును, పక్షిని చేయనిండు. ఈ పనులన్నియు వ్రాతకు సిద్ధపరచునవే. తరువాత ఇసుకలో వ్రేలితో పెద్ద పెద్ద అక్షరములు, ఆ పిమ్మట పలక, చివర కాగితము. ఎడమచేత వ్రాయు బిడ్డను ఎడమచేతనే వ్రాయనిండు.

5. అక్షరములు మాటలలో

ఏబదియారు అక్షరములను వరుసగా వల్లించిన తరువాతనే మాటలు చదువవలెనను నియమము లేదు. తలకట్టు తప్ప వేరు గుణింతపు గుర్తులు, ఒత్తులు లేని మాటలతో మొదలుపెట్టవచ్చును. వాడరేవు బిడ్డకు అల, వల, పడవ కన్న తెలిసిన మాటలేవి? ఈ మూటిలో అ, ల, వ, ప, డ అను అయిదు అక్షరములున్నవి. ‘క’ యొకటి చేర్చుడి. ఆరు అక్షరములతో అల, వల, వడ, పడవ, కల, పలక, పడక, అలక అని ఎనిమిది మాటలు చదువవచ్చును. మొదటి వారములోనే “నాకు చదువ వచ్చును” అను ధైర్యము బిడ్డకు కలుగును. ‘వ’, ‘ప’ ఒకదానినొకటి పోలియుండును గనుక రెంటిని ఒకే దినమున నేర్పవద్దు. ఒకటి బాగుగా కుదిరిన పిమ్మట రెండవది.

చదువు రాని తల్లి ఇది ఎట్లు చేయును? పెద్దబిడ్డచేత అట్టముక్కలమీద వ్రాయించి, చిన్నబిడ్డను “నాకు నేర్పుము” అని అడుగవలెను. తల్లికి నేర్పిన పాఠమును బిడ్డ మరచిపోడు. తల్లియు రెండక్షరములు నేర్చుకొనును! వీలైనప్పుడు వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయమునకు తీసికొనిపోయి, అన్ని పుస్తకములు ఒక్కచోట నుండుట చూపుడి. చదువు పరీక్షకొరకే కాదని ఆ దృశ్యమే చెప్పును.

6. పెద్దల సాక్ష్యము

ఇవి మా సొంత ఊహలు కావు. 1592లో మొరావియాలో పుట్టి, సహోదరుల సంఘమునకు బిషప్పైన కొమీనియస్ అను బోధకుడు, బిడ్డ మొదటి ఆరేండ్లకు తల్లి ఒడియే పాఠశాలయని తలిదండ్రులకొక గ్రంథము వ్రాసెను. 1658లో చిన్నవారికొరకు బొమ్మల పాఠ్యపుస్తకమును ప్రకటించెను. మన దేశములో 2021లో ‘విద్యా ప్రవేశ్’ అను పేర, ఒకటవ తరగతి బిడ్డలకు మొదటి మూడు నెలలు ఆటలతోను మాటలతోను గడుపు పద్ధతిని ఏర్పరచిరి. నాయనమ్మ చింతపిక్కలును, పండితుల గ్రంథములును ఒక్కమాటే చెప్పుచున్నవి.

7. కొన్ని జాగ్రత్తలు

దినమునకు పావుగంట చాలును. అలసిన బిడ్డను, ఆకలిగొన్న బిడ్డను కూర్చుండబెట్టవద్దు. పొరుగింటి బిడ్డతో పోల్చవద్దు. పలుమారులు పిలిచినను పలుకని బిడ్డకు వినికిడి లోపముండవచ్చును, పలకను ముక్కునకు ఆనించి చూచు బిడ్డకు చూపు లోపముండవచ్చును. మొండియని కొట్టక వైద్యునికి చూపుడి. నెలకొకసారి పంతులుగారిని కలిసి, తప్పులు మాత్రమే గాక బిడ్డ బాగుగా చేయుచున్నదేమో కూడ అడుగుడి.

మా పిల్లవాని సంగతి చెప్పి ముగింతుము. ఆ యేటి చివర వానిని వాడరేవునకు తీసికొనిపోతిమి. ఎవరును చెప్పకయే తడియిసుకలో ‘అల’ అని వ్రాసెను. ‘ల’ తిరగబడినది. మేము నోరు తెరవబోతిమి, నాయనమ్మ చేయి పట్టుకొనెను. ఇంతలో నీరు వచ్చి తుడిచివేసినది. వాడు నవ్వి, మరల వ్రాసెను. ఈమారు సరిగా వచ్చినది.

కుటుంబములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యింట ఆ నాలుగు వేళలలో ఏ వేళ బిడ్డతో ఎక్కువగా మాటలాడుచున్నాము? ఏ వేళ అసలు మాటలాడుటలేదు?
2. మన చేతిపనిలో బిడ్డ నేర్చుకొనదగిన లెక్క ఏది?
3. బిడ్డకు వచ్చినదానిని చూడక, రానిదానినే ఎంచిన దినములు మనకున్నవా?
4. ఈ వారము నాయనమ్మ, తాతయ్యలచేత బిడ్డకు ఏ కథ చెప్పింతము?