పాత జీపు స్టీరింగు: కొలత తెలియని మరమ్మతు

ఎద్దుబండికి స్టీరింగు అక్కరలేదు. ఎద్దులు మళ్ళిన వైపునకు కాడి, కాడితో నొగ, నొగతో బండి మళ్ళును. చక్రములు రెండును ఇరుసు కొనలయందు వేర్వేరుగా తిరుగును గనుక మలుపులో ఒకటి హెచ్చుగాను, ఒకటి తక్కువగాను తిరిగినను బాధ లేదు. నాలుగు చక్రముల వాహనమునకు ఈ సౌకర్యము లేదు. మలుపులో లోపలి ముందుచక్రము చిన్న వలయమును, వెలుపలి చక్రము పెద్ద వలయమును గీయవలసియుండును. కావున లోపలి చక్రము కొంచెము ఎక్కువ కోణమున మళ్ళవలెను. రెండును సరిసమానముగా మళ్ళినచో టైరు నేలపై దొర్లక ఈడ్చుకొనిపోవును. ఈ చిక్కును విడదీసినవాడు మ్యూనిక్ నగరపు బండ్ల తయారీదారుడగు లాంకెన్‌స్పెర్గర్. అతని తరఫున అకర్‌మన్ అను వ్యాపారి 1818లో ఇంగ్లండునందు పేటెంటు పొందెను. మోటారు వాహనములు పుట్టక మునుపే కనుగొనబడిన ఆ సూత్రమే నేటికిని ప్రతి కారునందును పనిచేయుచున్నది.

ఈ వ్యాసమున పాత జీపు స్టీరింగు మరమ్మతును పాఠముగా గైకొనుచున్నాను. దీనికి రెండు కారణములు కలవు. మన విద్యార్థుల తండ్రులలో కొందరు షెడ్డులలో పనిచేయువారు, కొందరు బండ్లు నడుపువారు. ఇది మొదటిది. పిల్లలందరును ఏదో ఒక వాహనమెక్కి బడికి వచ్చుచున్నారు. ఇది రెండవది. స్టీరింగు చెడిన బండి ఎవరి బండియైనను మన పిల్లలకు సంబంధించినదే.

జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో పుట్టినది. 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను మన దేశమున కూర్చనారంభించిరి. అటుపిమ్మట ఆ జాతి బండ్లు దేశమంతటను వ్యాపించినవి. సండూరు కొండలవంటి ఎగుడుదిగుడు నేలకు అనువైన వాహనమది. వాటిలో పాత నమూనాల తయారీ ఎన్నడో ఆగిపోయినను, బండ్లు మాత్రము ఇంకను అక్కడక్కడ తిరుగుచునే యున్నవి. ఇష్టపడి కొని, బాగుచేయించి ఉంచుకొనువారును కలరు. అట్టివారు మొట్టమొదట విసుగుచెందునది స్టీరింగువద్దనే.

ముందుగా దాని కూర్పును తెలిసికొందము. డ్రైవరు పట్టుకొను చక్రమునకు దిగువన ఒక కడ్డీయుండును. దాని కొనయందు స్క్రూవలె మెలిక గాడి కోసిన క్యాము కలదు. ఆ గాడిలో రెండు మేకులుగల లీవరు ఇమిడియుండును. క్యాము తిరిగినపుడు లీవరు ఊగును. లీవరుతో కలిసి పిట్‌మన్ ఆర్మ్ అను చేయి ఊగును. ఆ చేయి డ్రాగ్ లింకు అను కడ్డీని త్రోయును. డ్రాగ్ లింకు, నిలువు పిన్నుపై తిరుగు బెల్ క్రాంకును త్రిప్పును. బెల్ క్రాంకునుండి రెండు టై రాడ్లు రెండు చక్రములకు పోవును. చక్రములు కింగ్ పిన్నులపై మళ్ళును. ఇంటి తలుపు బందులవలె ప్రతి కలయికయందును ఒక కీలు కలదు. కీలున్నచోట అరుగుదల తప్పదు.

అరుగుదల వలన ఏమగును? డ్రైవరు చక్రమును కొంత దూరము త్రిప్పినను ముందుచక్రములు కదలవు. ఈ వృథా కదలికను షెడ్డులో ప్లే అందురు. ఒక లెక్క చేసి చూతము. ఇది మన తొమ్మిదవ తరగతి పిల్లలు చేయగల లెక్కయే. స్టీరింగు చక్రపు వ్యాసము 43 సెంటీమీటర్లనుకొందము. చుట్టుకొలత సుమారు 135 సెంటీమీటర్లు. అంచు 7.5 సెంటీమీటర్లు వృథాగా తిరుగుచున్నచో అది పూర్తి చుట్టులో 18వ వంతు. పెట్టెలోని క్యాము ఈ త్రిప్పుటను 12 రెట్లు తగ్గించి పిట్‌మన్ చేతికి అందించుననుకొన్నచో, ఆ చేతి వంతు చుట్టులో 216వ భాగము. చేయి పొడవు 150 మిల్లీమీటర్లైనచో దాని కొన గీయు పూర్తి వలయము సుమారు 943 మిల్లీమీటర్లు. అందులో 216వ భాగము సుమారు 4.4 మిల్లీమీటర్లు. క్యామునుండి చక్రమువరకు ఆరు కీళ్ళున్నవనియు, అన్నియు సమానముగా అరిగినవనియు అనుకొందము. ఒక్కొక్క కీలు వంతు 0.7 మిల్లీమీటర్లు మాత్రమే! అనగా నోటుపుస్తకపు ఏడు కాగితముల మందము.

ఈ లెక్కలోనే మరమ్మతు విసుగంతయు దాగియున్నది. చేతిలో 7.5 సెంటీమీటర్ల ప్లే కనబడుచున్నది. క్రింద ఏ కీలును పరీక్షించినను నేరము అంతగా కనబడదు. యజమాని ఒక కీలును మార్పించును. ఆరింటిలో ఒక వంతు, అనగా 1.25 సెంటీమీటర్లు మాత్రమే తగ్గును. డబ్బు వ్యయమైనది, బండి మునుపటివలెనే యున్నదని యజమాని కోపించును. వేసిన ముక్క మంచిదేనని మెకానిక్కు వాదించును. ఇద్దరు చెప్పినదియు సత్యమే. గత సంవత్సరము మన విద్యార్థి తండ్రియొకరు తమ జీపును ఈ విధముగనే మూడు పర్యాయములు షెడ్డునకు త్రిప్పిరి. మొదట టై రాడ్ కొనలు, పిదప డ్రాగ్ లింకు, తుదకు బెల్ క్రాంకు బుష్షు. మూడవసారి బండి మరింత మొండికెత్తినది. ఒక వైపునకు స్టీరింగు బిగిసిపోవుచుండెను.

కారణమును విప్పి చూచిన పిమ్మట గాని తెలియలేదు. బెల్ క్రాంకు పిన్ను ఒకే వైపున ఒత్తిడి పొంది అరుగుటచే గుండ్రముగా లేక కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చినది. లేతు పనివాడు ఆ పిన్నునే కొలిచి బుష్షు తయారుచేసినాడు. ఒక దిక్కున కొలిచిన వదులు, మరియొక దిక్కున కొలిచిన బిగువు! పనివాని నైపుణ్యమున లోపము లేదు. అతని కిచ్చిన కొలతయే వంకర. పాత బండ్లవద్ద ఇది పెద్ద చిక్కు. తయారీదారుల చిత్రపటము దొరకదు. విప్పిన ముక్కయే మనకు నమూనా. ఆ నమూనాయేమో అరిగియున్నది. అరిగినదానిని చూచి చేసిన క్రొత్త ముక్క, క్రొత్తగా తయారైన అరిగిన ముక్కయే. దీనికి ఉపాయము లేకపోలేదు. ఏ పిన్నునకైనను రాపిడి తగులని చోటు కొంచెమైనను ఉండును. కాలిపర్సుతో అచ్చట కొలిచినచో మొదటి కొలత దొరకును. అరిగిన పిన్నును, బుష్షును జతగా మార్చవలెను గాని ఒకదానిని మార్చి ఒకదానిని ఉంచరాదు.

ఇక విప్పుటలోని బాధలు. టై రాడ్ కొనయందలి మేకు వాలుగా, అనగా టేపరుగా చెక్కబడి, అదే వాలుగల రంధ్రములో దిగగొట్టినట్లు కూర్చుండును. బిగించిన కొలది ఘర్షణ హెచ్చి తనంతట తానే పట్టుకొనుట దాని గుణము. తుప్పు కూడ తోడైనచో నట్టు తీసినను మేకు రాదు. తొందరపడి మేకు కొనపై సుత్తితో బాదినచో మర చెడును, మేకు కొన పుట్టగొడుగువలె విచ్చుకొనును. అనుభవజ్ఞుడు మేకును కొట్టడు. ముందురోజే నూనె పోసియుంచి, మేకు దిగిన కన్నునకు ఒక ప్రక్క బరువైన సుత్తిని ఆనించి, రెండవ ప్రక్క మరొక సుత్తితో కొట్టును. కన్ను క్షణకాలము అదరగా టేపరు పట్టు విడుచును. బలముతో కానిది సూత్రముతో అయినది.

టై రాడ్లలో ఇంకొక మర్మము కలదు. ఒక కొన కుడి మర, రెండవ కొన ఎడమ మర. కడ్డీని త్రిప్పినచో రెండు కొనలు ఒకేసారి దగ్గరగునట్లు, లేదా దూరమగునట్లు ఏర్పాటది. ఇది తెలియనివాడు ఎడమ మరను తప్పు వైపునకు త్రిప్పి పాడుచేయును. విప్పునప్పుడు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్క వ్రాసికొననివాడు, తిరిగి బిగించునప్పుడు కడ్డీ పొడవును మార్చివేయును. అంతట ముందుచక్రముల పొంతన చెడి క్రొత్త టైర్లు కొలది దినములకే ఒకవైపున అరిగిపోవును.

పెట్టెను బిగించుట మరియొక పరీక్ష. బండి ఎక్కువకాలము తిన్నగా పోవును గనుక క్యాము గాడి నడుమనే అధికముగా అరుగును. అందుచేత తయారీదారులు నడిమి భాగమున గాడిని బిగువుగా కోసిరి. సవరణ స్క్రూను చక్రములు తిన్నగా నున్నపుడే బిగింపవలెను. చక్రములను ఒక ప్రక్కకు మళ్ళించి, అక్కడి వదులు పోవునంతవరకు బిగించినచో నడుమ పట్టివేయును. మలుపు తిరిగిన బండి తనంతట తాను తిన్నబడదు. వదులు స్టీరింగుకంటె పట్టుకొను స్టీరింగు ప్రమాదకరము.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువు ఎఱ్ఱదుమ్ము. ఇనుప ఖనిజపు దారులలోని ఈ దుమ్ములో ముఖ్యమైనది ఐరన్ ఆక్సైడు. నగలకు మెరుగుపెట్టు ఎఱ్ఱపొడియు ఆ పదార్థమే. బంగారమునకు మెరుగునిచ్చునది కీలులోని గ్రీజుతో కలిసినపుడు ఇనుమును దినదినము నూరుచుండును. కీళ్ళపై రబ్బరు టోపీ చిరిగినచో లోపలికి దుమ్ము పోవుటకు ద్వారము తెరచినట్లే. కొన్ని రూపాయల టోపీని నిర్లక్ష్యము చేసి వేల రూపాయల కీలును పోగొట్టుకొనువారు అనేకులు.

ఇదియంతయు విసుగు పుట్టించు పనియని వదలివేయరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 98వది ఈ విషయమునే చెప్పుచున్నది. స్టీరింగు చక్రమున వృథా కదలిక 30 డిగ్రీలకు మించరాదు. స్టీరింగు కీళ్ళకు రబ్బరు టోపీలుండవలెను. బోల్టులు, పిన్నులు ఊడిపోకుండ గట్టి కట్టడి యుండవలెను. 30 డిగ్రీలనగా గడియారములో పన్నెండునుండి ఒంటిగంట వరకు గల దూరము. ఇది చట్టము సహించు గరిష్ఠ హద్దేగాని మనము కోరవలసిన స్థితి కాదు. కీలు మేకు ఊడినచో స్టీరింగు చేతిలో నుండియు లేనట్లే. వాడిన స్ప్లిట్ పిన్నును వంచి మరల వాడుట కేవలము లోభము.

తలిదండ్రులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. బండి తిన్నగా నిలిచియున్నపుడు డ్రైవరు అనుమతితో ఒకరు చక్రమును కొంచెము కొంచెముగా ఇటునటు ఆడింపవలెను. పవర్ స్టీరింగు గల బండియైనచో ఇంజను నడుచుచుండవలెను, హ్యాండ్ బ్రేకు వేసి చక్రములకు అడ్డురాళ్ళు పెట్టవలెను. రెండవవారు బయట నిలిచి ముందుటైరు ఎప్పుడు కదలినదో చెప్పవలెను. ఆ లోపల చక్రపు అంచు ఎంత తిరిగినదో సుద్దతో గుర్తుపెట్టినచో చాలును. షెడ్డులోనైతే మెకానిక్కు క్రిందికి పోయి ఒక్కొక్క కీలుపై వ్రేలుంచి, ఏది ఎంత కదలుచున్నదో ఒకే దినమున అన్నింటిని చూచి వ్రాసికొనవలెను. పైన చెప్పిన జీపు తుదకు ఈ పద్ధతిచేతనే బాగుపడినది. మూడు రాకపోకలలో కానిది ఒక చిన్న పట్టికచే నెరవేరినది.

చివరగా ఒక విన్నపము. కొందరు తండ్రులు ఎనిమిదవ తరగతి కాగానే కుమారుని షెడ్డునకు పంపుటకు తలచుచున్నారు. పని నేర్చుట గౌరవమే. కాని 14 ఏండ్లు నిండని బాలుని పనిలో నియమించుట చట్టవిరుద్ధము. అంతేకాదు, పైని పాఠమున పానా పట్టుటకంటె ముందు వలసినవి ఏవో చూడుడు: వృత్తపు చుట్టుకొలత, భిన్నములు, కోణము, ఘర్షణ, మీట. ఇవన్నియు మన తరగతిలో తెలుగున చెప్పబడుచున్నవే. షెడ్డులో లీవరన్నది, పుస్తకములో మీటయన్నది ఒకటేయని గ్రహించిన బాలుడు ముక్క మార్చు పనివాడుగా నిలిచిపోక కొలిచి కారణము చెప్పగల పనివాడగును. పదవ తరగతి ముగియువరకు వానిని బడిలో నుండనిండు. సెలవుదినములలో షెడ్డునకు వెంటబెట్టుకొని పోయి, 7.5 సెంటీమీటర్ల ఆ లెక్కను మీ బండిమీదనే వానిచేత చేయింపుడు.