టైరు కొనేముందే మీ అవసరం రాతలో పెట్టండి

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. పనిమీద రోజూ ఏలూరు, వారంలో రెండు మూడుసార్లు కైకలూరు వైపు చెరువుల దగ్గరికి నా కారులోనే తిరుగుతాను. కారు స్పోర్టీ మోడల్, పదహారు అంగుళాల రిమ్ములు. టైర్లు అరిగిపోయాయి. ఒక షాపులో సమ్మర్ టైర్లు వేసుకోమన్నారు. ఇంకో షాపులో ఆల్ సీజన్ అయితే అన్ని కాలాలకూ పనికొస్తాయన్నారు. మా బావమరిదేమో రన్‌ఫ్లాట్ వేయించు బావా, పంక్చర్ బాధ ఉండదు అంటున్నాడు. ఏవి తీసుకోవాలి? రేపు టైరు ఉబ్బినా, పేలినా షాపువాళ్ళు "మాకేం సంబంధం, కంపెనీని అడగండి" అంటే నాకు చట్టంలో ఏ దారి ఉంది?

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ మొదటిదాన్ని షాపులో ఎలా అడుగుతారన్నదాన్ని బట్టే రెండోదాని జవాబు ఉంటుంది. చాలామంది కొన్న తరవాత చట్టం గురించి ఆలోచిస్తారు. టైరు విషయంలో మీ హక్కు బలపడేదీ, బలహీనపడేదీ కొనకముందే.

సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930 నాటిది. దాని 16వ సెక్షన్ ఇప్పటికీ ప్రతి షాపు కౌంటరుకూ వర్తిస్తుంది. సరుకు దేనికి కావాలో కొనేవారు అమ్మేవారికి తెలియజేసి, వారి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి సరిపోవాలన్న షరతు ఆ బేరంలో ఉన్నట్టే లెక్క. బిల్లు మీద రాయకపోయినా ఉన్నట్టే. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. మీరే వెళ్ళి "ఫలానా కంపెనీ, ఫలానా పేరు టైరు ఇవ్వండి" అని పేరు పెట్టి అడిగి తీసుకుంటే, మీ ప్రత్యేక అవసరానికి సరిపోవాలన్న షరతు వర్తించదు. టైరులో లోపం ఉండకూడదన్న సాధారణ షరతు మాత్రమే మిగులుతుంది. స్నేహితుడి మాట విని పేరు చెప్పి కొనుక్కొచ్చేవాళ్ళు తమకు తెలియకుండానే ఒక రక్షణ వదిలేసుకుంటున్నారు.

అందుకని షాపుకు వెళ్ళేముందు వాట్సాప్‌లో ఇలా పంపండి: "నా కారు టైరు సైజు 205/55 ఆర్ 16, 91 వి. తాడేపల్లిగూడెం–ఏలూరు హైవే మీద రోజూ, కైకలూరు రోడ్డు మీద తరచూ తిరుగుతాను. తడి రోడ్డు మీద పట్టు, బ్రేకు ముఖ్యం. సరిపోయే టైరు మీరే సూచించండి." వాళ్ళ జవాబును చెరపకుండా దాచండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద అవసరమైన సర్టిఫికెట్ జతచేస్తే అది సాక్ష్యంగా చెల్లుతుంది. సైజు నేను ఉదాహరణకు రాశాను. మీ కారుకు ఏది సరైనదో డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీదా, కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది.

ఇక ఏది తీసుకోవాలన్నది. సమ్మర్ టైరు రబ్బరు వేడి రోడ్డుకు తగ్గట్టు తయారవుతుంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే గట్టిపడి పట్టు తప్పుతుంది. ఐరోపాలో చలికాలం రాగానే టైర్లు మార్చేది అందుకే. ఏలూరులో భోగి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. ఆల్ సీజన్ టైరు చలికీ, వేడికీ మధ్య రాజీ. ఆ చలి సగం మనకు అక్కరకు రాదు. ఎండాకాలం నిప్పులు చెరిగే హైవే మీద మాత్రం సాధారణంగా అది సమ్మర్ టైరంత త్వరగా కారును ఆపలేదు. "అన్ని కాలాలు" అన్నమాట విని మన వానాకాలానికి కూడా ప్రత్యేకంగా చేశారనుకోవద్దు. టైరు మీద కనిపించే ఎం ప్లస్ ఎస్ అక్షరాలు బురదా, మంచూ అని కంపెనీ తనంత తాను వేసుకునేవి. మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకు వేసేది వేరే గుర్తు: మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేకు. అది ఉన్నా మనకు ఒరిగేది లేదు.

మీ రోడ్లకు కావలసింది తడిలో పట్టు. వానాకాలం సంగతి సరే, చేపల లారీల్లో ఐసు కరిగి కారే నీళ్ళతో ఆకివీడు, కైకలూరు వైపు రోడ్డు నడివేసవిలో కూడా తడిసి ఉంటుంది. చెరువు గట్ల మీంచి వచ్చే ట్రాక్టర్లు వదిలిన బురద దానికి తోడు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొల్లేరు నిండి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళొస్తాయి. అలాంటి చోట నీటిని పక్కకు తోసే వెడల్పైన, లోతైన గాళ్ళున్న సమ్మర్ రకం టైరే మీకు నా సలహా. కారు టైర్లకు తడిపట్టు, దొర్లేటప్పటి నిరోధం, శబ్దం మీద కనీస ప్రమాణాలను కేంద్ర రవాణా శాఖ 2022లో నోటిఫై చేసింది. కాబట్టి "ఈ టైరు తడిపట్టు ప్రమాణం పాటిస్తుందా, మీ దగ్గరున్న రెండు రకాల్లో ఏది మెరుగు?" అని అడగడం మీ హక్కే. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 2(9) నాణ్యత, సామర్థ్యం, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కును పేరుపెట్టి చెప్పింది.

రన్‌ఫ్లాట్ విషయం మీ బావమరిదికి కాస్త వివరంగా చెప్పండి. దాని పక్కగోడలు బిరుసుగా, దళసరిగా ఉంటాయి కాబట్టి గాలి పోయినా కారు బరువు మోస్తుంది. చాలా కంపెనీలు చెప్పేది గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్ల దూరం. పంక్చర్ కాకుండా ఉండదు, అయినా కాసేపు నడుస్తుంది, అంతే. ఖాళీగా నడిపిన టైరును బాగుచేయించడం చాలా కంపెనీలు ఒప్పుకోవు, కొత్తది కొనాల్సిందే. గాలి తగ్గినట్టు చెప్పే సెన్సరు వ్యవస్థ కారులో లేకపోతే టైరు ఖాళీ అయిన సంగతి కూడా మీకు తెలియదు. బీఎండబ్ల్యూ లాంటి కార్లు వాటికి తగ్గ సస్పెన్షన్‌తో తయారవుతాయి. మీ కారు రన్‌ఫ్లాట్ కోసం తయారైంది కాకపోతే గతుకుల్లో నడుము పట్టుకోవాల్సి వస్తుంది. డిక్కీలో స్టెప్నీ ఉంటే, గూడెం నుంచి ఏలూరు వెళ్ళే సుమారు 50 కిలోమీటర్ల దారిలో అడుగడుగునా పంక్చర్ షాపులుండగా, ఆ ఖర్చు అనవసరం. రెండువైపులా చెరువులే ఉన్న రోడ్డులో రాత్రిపూట దిగి టైరు మార్చడం కష్టమన్నది నిజమే. దానికి మంచి టార్చిలైటు, గాలికొట్టే చిన్న పంపు, ఎర్ర త్రికోణం బోర్డు చాలు.

స్టెప్నీ గురించి ఇంకో మాట. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి సెన్సర్లు, రిపేరు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ ఇవ్వకపోయినా ఫరవాలేదని 2020లో మోటారు వాహనాల నిబంధనలను మార్చారు. కొత్త కారు కొనేవాళ్ళు డెలివరీ రోజున డిక్కీ తెరిచి అప్పుడు ఆశ్చర్యపోవద్దు. బుకింగ్ ఫారం మీదే స్టెప్నీ ఉందా లేదా రాయించుకోండి.

వెడల్పు టైర్లు వేస్తే కారు అందంగా ఉంటుందని షాపువాళ్ళు ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి. కంపెనీ నిర్దేశించిన సైజే వేయాలి, బరువు సూచిక, వేగం అక్షరం నిర్దేశించినదాని కంటే తక్కువ ఉండకూడదు. 91 అంటే ఒక టైరు 615 కిలోలు మోస్తుంది. వి అంటే గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. ఆ వేగంతో మీరు వెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. కానీ వేడిని తట్టుకునే శక్తి ఆ అక్షరంలో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని మూల నిర్దేశాలకు విరుద్ధంగా మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఇలాంటి మార్పులనే.

టైరు బిగించేముందు పక్కగోడ మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2009 నాటి నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అది తప్పనిసరి. దిగుమతైన టైరుకూ అంతే. తరవాత నాలుగంకెల తేదీ కోడ్: 2325 అని ఉంటే 2025లో ఇరవైమూడో వారంలో తయారైందని. నాలుగు టైర్ల కోడ్‌లూ, సీరియల్ నంబర్లూ బిల్లు మీద రాయించండి. జీఎస్టీ లేకుండా తక్కువకిస్తాం, బిల్లు వద్దు అంటే ఆ తగ్గింపు మీకు నష్టమే. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా. బిల్లు ఇవ్వకపోవడాన్నే వినియోగదారుల రక్షణ చట్టం 2(47) అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కించింది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోనని నిరాకరించడం కూడా ఆ నిర్వచనంలోకే వస్తుంది.

ఇప్పుడు టైరు ఉబ్బిందనుకోండి. పక్కగోడకు బుడగ లేచింది. మీరు షాపుకెళ్తారు, షాపు కంపెనీకి కబురు పెడుతుంది, టెక్నీషియన్ వచ్చి చూసి "గుంతలో పడింది, తయారీ లోపం కాదు" అంటాడు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే అవుతుంది. అయినా నోటిమాటతో సరిపెట్టుకోకండి. కారణం రాసిన క్లెయిమ్ రిపోర్టు అడిగి తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, టైరును వాళ్ళ దగ్గర వదిలేయకండి. పరీక్షకు పంపాల్సి వస్తే సీరియల్ నంబరు రాసిన రసీదు లేకుండా ఇవ్వకండి. ఉబ్బును, తేదీ కోడ్‌ను, అరుగుదలను దగ్గరగా ఫొటోలు తీయండి. వినియోగదారుల కమిషన్ 38వ సెక్షన్ కింద సరుకును సీలువేసి లాబొరేటరీకి పంపగలదు, 45 రోజుల్లో నివేదిక అడగగలదు. పరీక్ష ఫీజు మీరు కట్టాలి. కానీ పంపడానికి టైరే లేకపోతే కమిషన్ మాత్రం ఏం చేస్తుంది? మంచి కేసులు ఇక్కడే చేజారిపోతుంటాయి. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

తయారీ లోపమని ఒప్పుకున్నా, అరిగిన మేరకు విలువ తగ్గించి ఇవ్వడం కంపెనీల వారంటీ పద్ధతి. అది వారంటీ లెక్క. చట్టం ప్రకారం నష్టపరిహారం విడిగా అడగొచ్చు. లోపం వల్ల ఎవరికైనా గాయమైతే వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ కింద తయారీదారు బాధ్యుడు. 86వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పని హామీ తనంత తాను ఇచ్చిన అమ్మకందారు, ఆ హామీ తప్పైతే తానూ బాధ్యుడే. "వానలో ఎంత స్పీడుమీద బ్రేకేసినా జారదు సార్" అన్న మాట మెసేజిలో ఉంటే, "కంపెనీని అడగండి" అని తప్పించుకోవడం షాపుకు అంత సులువు కాదు.

ముందు 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. చాలా తగాదాలు అక్కడే తీరతాయి. తీరకపోతే ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు వేయొచ్చు. షాపు విజయవాడలో ఉన్నా మీరు నివసించే చోటే వేసుకునే వీలు 34వ సెక్షన్ ఇచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల దాకా ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రోజునుంచి రెండేళ్ళలోపు వేయాలి. మామూలుగా మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాయిదాలు దాన్ని దాటించవచ్చు, అందుకు సిద్ధపడే వెళ్ళండి. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు.

కారు తమ కంపెనీ పేరుమీద ఉంటే తాము వినియోగదారులం కామంటారేమోనని చేపల వ్యాపారులు భయపడుతుంటారు. డైరెక్టరు సొంత వాడకానికి కొన్న కారును వాణిజ్య అవసరంగా చూడలేమని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత లారీ తానే నడుపుకుంటూ బతికే మనిషికి కూడా స్వయం ఉపాధి కింద రక్షణ ఉంది.

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మామూలు సమగ్ర పాలసీ టైరు ఒక్కటే పాడైతే డబ్బివ్వదు. కారు కూడా అదే ప్రమాదంలో దెబ్బతింటే టైరు ఖర్చులో సగమే ఇస్తుంది. టైర్లకు విడిగా అదనపు కవరు దొరుకుతుంది, షరతులు చదివి తీసుకోండి.

మీ వైపు జాగ్రత్త కూడా చట్టంలో భాగమే. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే నిబంధనలకు విరుద్ధం. మన తడి రోడ్లకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయమంటాను. టైరు పేలడం దైవఘటన, మేం పరిహారం ఇవ్వం అని వాదించిన బీమా కంపెనీ మాటను 2023 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. పేలడానికి అతివేగం, గాలి ఎక్కువ తక్కువలు, పాత టైర్ల లాంటి కారణాలుంటాయి, అది మనిషి నిర్లక్ష్యమేనంది. ఆ తీర్పు బాధితుల కుటుంబానికి మేలు చేసింది. నున్నగా అరిగిన టైర్లతో బండి తీసే యజమానికి అదే తీర్పు ఎదురు తిరుగుతుంది.

గుంతలో పడి టైరు పోతే రోడ్డువాళ్ళను అడగొచ్చా? టోలు కట్టిన హైవే అయితే తప్పకుండా ప్రయత్నించండి. కలపర్రు టోల్ దాటారనుకుందాం. ఫాస్టాగ్ ఖాతాలో సమయంతో సహా అది నమోదవుతుంది. గుంత ఫొటో లొకేషన్‌తో తీసి, 1033కి ఫిర్యాదు చేసి, నంబరు రాసుకోండి. డబ్బు తీసుకుని సరైన రోడ్డు ఇవ్వకపోవడం సేవాలోపమని వాదించడానికి ఇవి ఆధారాలు. రోడ్డు బాగోలేనప్పుడు టోలు ఎలా వసూలు చేస్తారని ప్రశ్నించి కేరళలోని పాలియెక్కర దగ్గర వసూళ్ళను ఆ రాష్ట్ర హైకోర్టు ఆపింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

ఈ తిరుగుడుకు వకీలు సాయం కావాలనిపిస్తే ఏలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, వరద బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.