సురంగల్ చెల్లెతో గడ్డి ముచ్చట

చెల్లే, చుట్టూ ఇంత పచ్చగడ్డి పెట్టుకొని గినీ పిగ్‌ల కోసం టిమోతీ ప్యాకెట్లు తెప్పించాలా అని అడిగావు కదా. టిమోతీ చలిదేశాల గడ్డి, మన మొయినాబాద్ ఎండల్లో పండేది కాదు. ఇక్కడ అమ్మేది చాలావరకు ఓడెక్కి వచ్చిందే, అందుకే ఆ ధర. కొనగలిగితే కొను, మంచిదే. అది లేకుంటే అవి బతకవని మాత్రం బెంగపడకు. పోచలు పొడుగ్గా, పీచు మెండుగా, కాల్షియం తక్కువగా ఉన్న ఎండుగడ్డి ఏదైనా వాటికి అన్నమే.

వాటికున్న 20 పళ్లూ బతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి. పోచను అటూ ఇటూ నమిలితేనే దవడ పళ్లు అరుగుతాయి. దాణా గుళికలు రెండు కొరుకుల్లో పొడైపోతాయి, వాటితో ఆ పని కాదు. పేగు కదలాలన్నా గడ్డే దిక్కు. అందుకని పగలూ రాత్రీ వాటి ముందు గడ్డి ఉండాల్సిందే.

మీ వైపు పాడి ఉన్నవాళ్ల దగ్గర లూసర్న్ దొరుకుతుంది. ఆకు మెత్తన, ఇష్టంగా తింటాయి కూడా. ఆరు నెలల లోపు కూనలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి అది బలమే. నీవి పెద్దవైపోయాయి, ఇక మానిపించు. అందులో కాల్షియం టిమోతీకి దాదాపు మూడింతలు. గినీ పిగ్ ఒంట్లో మిగిలిన కాల్షియం మూత్రంలోకే వస్తుంది. అక్కడ ఇసుకలా పేరుకొని రాయి కట్టిందంటే ఆ బుజ్జి ప్రాణం పడే బాధ చూడలేం. మూత్రం పోస్తూ కీచుమన్నా, ఎర్రగా పోసినా ఆ రోజే డాక్టరుకు చూపించు.

నా ఓటు గరికకే. మనం వినాయకుడికి పెట్టే ఈ గరికనే అమెరికాలో బెర్ముడా గడ్డి పేరుతో ఎండబెట్టి గుర్రాలకు వేస్తారు, గినీ పిగ్‌లకూ పెడతారు. గినీ గడ్డి వేసినవాళ్లుంటే అదీ తెచ్చుకో. కామెరూన్‌లో ఇళ్లల్లో పెంచే గినీ పిగ్‌లకు అదీ ఒక ముఖ్యమైన మేత. ముదిరి కట్టెబారకముందే కోయించు. వరిగడ్డిలో సత్తువ లేదు, కింద పరుపుగా వెయ్యి. లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చే నాము మాత్రం వద్దే వద్దు. పశువులనే పడేస్తుంది, అరచేతంత ప్రాణం ఎంత!

ఎక్కడ కోస్తున్నావో కూడా చూసుకో. చేవెళ్ల చుట్టుపక్కల కూరగాయలకు, పూలకు మందులు కొడుతుంటారు. ఆ గట్ల మీది గడ్డి ముట్టకు. ఫామ్‌హౌస్‌లలో మెషిన్‌తో కోసిన లాన్ గడ్డి ఉత్తగా ఇస్తామన్నా వద్దను. నలిగిన ముక్కలు కుప్పలో వేడెక్కి పులుస్తాయి, కడుపు ఉబ్బుతుంది. వయ్యారిభామ మొక్కలుంటే ఏరి పారెయ్యి.

కోసిన గరికను కాసేపు ఎండలో వాడనిచ్చి, తర్వాత నీడపట్టున పలచగా పరిచి తిరగేస్తూ ఆరనివ్వు. పోచ వంచితే పుటుక్కుమనాలి, రంగు ఆకుపచ్చగానే మిగలాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టకు, చెమట పట్టి బూజొస్తుంది. గుడ్డ సంచి మేలు. వానాకాలంలో ఆరబెట్టడం కష్టం, ఆ నెలలకు ప్యాకెట్ గడ్డి కొనుక్కో. దుమ్ము లేచినా, ముక్కవాసన వచ్చినా ధర చూసుకోకుండా పారెయ్యి.

ఎండుగడ్డిలో సి విటమిన్ నిలవదు, దాన్ని ఒంట్లో తయారుచేసుకునే శక్తి మనలాగే గినీ పిగ్‌లకూ లేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వీటికి ఉత్త ధాన్యం పెడితే స్కర్వీ వచ్చింది. అందుకని రోజూ కాస్త క్యాప్సికం, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క పెట్టు.

గడ్డి ఒక్కసారే మార్చకు. పాతదాంట్లో కొత్తది కలుపుతూ రెండు వారాలు తీసుకో. వారానికోసారి గినీ పిగ్‌లను వంటింటి త్రాసులో తూచి రాసిపెట్టు. పూటంతా ఏమీ ముట్టకుంటే తెల్లారేదాకా ఆగకు. ఇలాంటి చిన్న జీవులను చూసే డాక్టరు రాజేంద్రనగర్ వైపు ఎవరున్నారో ఇప్పుడే కనుక్కొని నంబరు ఫోన్లో వేసుకో.