రోడ్ బైక్: ఒకే లివర్‌తో బ్రేకు, గేరు వాడటం ఎలా?

వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ కొత్తగా కొన్నవాళ్లు ముందు వెతికేది గేర్ల కోసమే. పాత రేసింగ్ సైకిళ్లలో గేరు లివర్లు ఫ్రేము కింది గొట్టానికి ఉండేవి. గేరు మార్చాలంటే హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీయాల్సిందే. 1990లో షిమానో తన డ్యూరా-ఏస్ సెట్‌లో బ్రేకునీ గేరునీ ఒకే లివర్‌లోకి తెచ్చి, దానికి ఎస్‌టీఐ అని పేరు పెట్టింది. కంపాన్యోలో, స్రామ్ కంపెనీల లివర్లు కాస్త వేరుగా పనిచేస్తాయి. ఇక్కడ చెప్పేది క్లారిస్, సోరా, టియాగ్రా వంటి కేబుల్ షిమానో లివర్ల గురించి.

1. ముందు ఇంట్లోనే చూసుకోండి. ఒకరు సీటు పట్టుకుని వెనక చక్రం పైకి లేపితే, మీరు పెడల్ చేత్తో ముందుకు తిప్పుతూ లివర్లు నొక్కి చూడండి. ఏ చేతి లివర్ ఏ చక్రాన్ని ఆపుతోందో కూడా అప్పుడే గమనించండి. అన్ని సైకిళ్లకూ అది ఒకేలా ఉండదు.

2. పట్టు కుదుర్చుకోండి. లివర్ల పైనున్న రబ్బరు తొడుగుల మీద అరచేతులు ఆనించి, ఒకటి రెండు వేళ్లు లివర్ మీద ఉంచండి. వేళ్లు అందకపోతే షాపులో చెప్పి లివర్‌ను దగ్గరకు జరిపించుకోండి.

3. దిశ గుర్తుపెట్టుకోండి. పెద్ద లివర్‌ను మీ వైపు లాగితే బ్రేకు. దాన్నే పక్కకు, లోపలి వైపు తోస్తే గేరు. దాని వెనకే ఉండే చిన్న లివర్ గేరుకు మాత్రమే.

4. కుడి చెయ్యి వెనక గేర్లకు. పెద్ద లివర్ తోస్తే చైను పెద్ద పళ్లచక్రం ఎక్కుతుంది, తొక్కడం తేలికవుతుంది. బాగా లోపలి దాకా తోస్తే ఒకేసారి రెండు మూడు గేర్లు మారతాయి. చిన్న లివర్ టక్కుమన్నప్పుడల్లా చైను ఒక చక్రం కిందికి దిగుతుంది, తొక్కడం బరువెక్కుతుంది.

5. ఎడమ చెయ్యి ముందు గేర్లకు. ఇక్కడ పెద్ద లివర్ తోస్తే చైను పెద్ద చక్రం మీదికి వెళ్లి తొక్కడం బరువవుతుంది, చిన్న లివర్‌తో తేలికవుతుంది. ఫలితం కుడి చేతికి తలకిందులు కాబట్టి మొదట్లో తికమక పడతారు. కొన్నాళ్లు కుడి చేతి గేర్లే వాడి, అలవాటయ్యాక ఎడమవి మొదలుపెట్టండి.

6. తొక్కుతూనే మార్చండి. చైను కదులుతుంటేనే గేరు మారుతుంది. మార్చే క్షణంలో మాత్రం కాళ్ల బలం కాస్త తగ్గించండి. ఫ్లైఓవర్ ఎక్కాక కాదు, ఎక్కబోయే ముందే తేలిక గేరులోకి రండి. సిగ్నల్ దగ్గరా అంతే: ముందు గేరు, తర్వాత బ్రేకు.

7. చైనును ఏటవాలుగా నడపొద్దు. ముందూ వెనకా రెండూ పెద్ద చక్రాలే, లేదా రెండూ చిన్నవే అయితే చైను రాసుకుంటుంది, త్వరగా అరుగుతుంది.

8. గేరు సరిగా పడకపోతే: వెనక చైను పెద్ద చక్రం ఎక్కడానికి మొరాయిస్తుంటే, డిరేలర్‌లోకి (చైనును ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి జరిపే భాగంలోకి) కేబుల్ వెళ్లేచోట ఉన్న చిన్న మరను వెనక నుంచి చూస్తూ అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పి పరీక్షించండి. దిగడానికి మొరాయిస్తే సవ్య దిశలో తిప్పండి.

కుడి లివర్ లోపల గేరు కేబుల్ పోగులు పోగులుగా తెగడం మామూలే. గేర్లు ఉన్నట్టుండి మందకొడిగా మారుతుంటే దాన్నే అనుమానించండి. పూర్తిగా తెగితే చైను వెనక అన్నిటికన్నా చిన్న చక్రం మీదికి జారుతుంది, బరువు గేరులోనే ఇంటిదాకా తొక్కాలి. కేబుల్ ఖర్చు తక్కువే. తెగేదాకా ఆగకుండా ముందే మార్పించుకోండి.