ముప్పై సీట్లు – ఎవరికి ముందు?

ఈ నెల మన గోడపత్రికకు పాఠంలాంటి వ్యాసం ఒకటి రాయమని సోషల్ మాస్టారు నాకు చెప్పారు. ప్రభుత్వ డబ్బుతో ఇచ్చే ఉద్యోగ శిక్షణలో సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయితే ఎవరికి ముందు ఇవ్వాలి అన్నదే విషయం. పదో తరగతి తర్వాత మనలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇది. కాబట్టి చివరిదాకా చదవండి.

ముందుగా నా సంగతి చెప్పాలి. మాది కోయ కుటుంబం. రంపచోడవరం వెళ్లే బస్సు మా ఊళ్లో ఆగుతుంది. రెండేళ్ల క్రితం మా అక్కకు కుట్టుపని శిక్షణలో సీటు వచ్చింది. శిక్షణ అయ్యాక పనిలో చేరి ఇంటికి డబ్బు పంపుతోంది. నేను పండక్కి వేసుకున్న చొక్కా ఆ డబ్బుతో కొన్నదే.

నా బెంచీలో కూర్చునే మిత్రుడిది కొండమీద ఊరు. వాళ్లు కొండరెడ్లు. వాళ్ల అక్క కూడా అదే శిక్షణకు బయల్దేరింది. కబురు ఆలస్యంగా తెలిసింది. కొండ దిగి వచ్చేసరికి ఎంపిక అయిపోయి రెండు రోజులైంది. పైగా చేతిలో కుల ధ్రువపత్రం లేదు. "వచ్చే బ్యాచికి రామ్మా" అన్నారట. ఆ వచ్చే బ్యాచి కబురు వాళ్ల ఊరికి అందనే లేదు. ఇప్పుడు ఆమె జీడితోటలో కూలికి పోతోంది.

మొన్న స్టడీ అవర్‌లో వాడు నన్ను అడిగాడు. "ఒరేయ్, మీ అక్కా ఎస్టీయే, మా అక్కా ఎస్టీయే. మరి మా అక్క ఎందుకు తిరిగొచ్చింది?" నాకు జవాబు తెలియలేదు. మాస్టారిని అడిగితే మర్నాడు క్లాసులో ఒక లెక్క ఇచ్చారు.

బోర్డు మీద లెక్క

సీట్లు 30. దరఖాస్తులు 80. ఎవరిని తీసుకోవాలి? మా క్లాసులో నాలుగు జవాబులు వచ్చాయి.

1) ముందు వచ్చినవారికి ముందు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ముందు వచ్చేది ఎవరు? బస్సు, ఫోను సిగ్నలు ఉన్న ఊరివాళ్లు. అంటే మా ఊరివాళ్లు.

2) మార్కులు ఎక్కువ వచ్చినవారికి ముందు. వీళ్లు శిక్షణ మధ్యలో మానేయరు, సీటు వృథా కాదు అని కొందరన్నారు. అది నిజమే. అయితే మార్కులు వచ్చినవారికి ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ దారులు ఉన్నాయి. ఏ దారీ లేనివారి కోసం పెట్టిన శిక్షణను కూడా వాళ్లకే ఇస్తే మిగతావాళ్లు ఎక్కడికి పోవాలి?

3) చీటీలు తీయడం. ఇందులో పక్షపాతం ఉండదు. కానీ చీటీకి ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలియదు.

4) అవసరం ఎక్కువ ఉన్నవారికి ముందు. దీనికే ఎక్కువ చేతులు లేచాయి. అప్పుడు మాస్టారు "అవసరాన్ని దేంతో కొలుస్తారు?" అని అడిగారు. అందరం ఊరుకున్నాం.

ప్రభుత్వం ఎలా కొలిచింది?

దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే పథకం 2014 సెప్టెంబరు 25న మొదలైంది. పల్లెల్లోని పేద యువతకు ఉచితంగా పని నేర్పించి ఉద్యోగం చూపించడం దీని ఉద్దేశం. తొలి నియమాల్లో వరస ఇలా పెట్టారు. సీట్లలో 50 శాతం ఎస్సీ, ఎస్టీలకు. 15 శాతం మైనారిటీలకు. 3 శాతం వికలాంగులకు. మొత్తంలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. వయసు 15 నుంచి 35. ఆడవాళ్లకు, వికలాంగులకు, పీవీటీజీలకు 45 దాకా సడలింపు.

పీవీటీజీలు అంటే గిరిజనుల్లోనే మరీ వెనకబడి ఉన్న తెగలు. దేశం మొత్తం మీద ఇలాంటివి 75 ఉన్నాయి. 1975లో 52 తెగలను, 1993లో మరో 23 తెగలను గుర్తించారు. కొండరెడ్లు ఈ జాబితాలో ఉన్నారు. కోయలు లేరు.

పేదరికాన్ని కొలవడానికి కాగితాలు పెట్టారు. రేషను కార్డు ఒకటి. అంతకుముందు ఏడాది ఉపాధి హామీ పనికి ఇంట్లో ఒకరు కనీసం 15 రోజులు వెళ్లి ఉండటం ఇంకొకటి. అమ్మ పొదుపు సంఘంలో సభ్యురాలు కావడం మరొకటి. ఇలా ఏదో ఒకటి ఉంటే చాలన్నారు. ఇది మంచి పద్ధతే. కానీ కాగితం ఇంట్లో ఉండాలి కదా!

ఇంకో నియమం కూడా ఉంది. శిక్షణ పొందిన ప్రతి 100 మందిలో కనీసం 70 మందికి సంస్థ ఉద్యోగం చూపించాలి. సంస్థకు డబ్బు కూడా ఒక్కసారే ఇవ్వరు, వాయిదాల్లో ఇస్తారు. పని జరిగేలా చూడటానికే ఈ షరతు. కానీ దీనివల్ల సంస్థ ఏం ఆలోచిస్తుంది? త్వరగా నేర్చుకునేవాళ్లను, పట్నంలో నిలబడేవాళ్లను ఏరుకుంటే మన లెక్క సరిపోతుంది అనుకుంటుంది. కష్టమైనవాళ్లు వెనక్కి పోతారు. ఒకే పథకంలో ఒక నియమం వెనకబడినవారిని రమ్మంటే ఇంకో నియమం మెల్లగా పక్కకు నెడుతుంది.

వేరే దేశంలో కూడా ఇదే ప్రశ్న వచ్చిందని మాస్టారు చెప్పారు. అమెరికాలో 1998లో ఒక చట్టం చేశారు. పెద్దవాళ్ల శిక్షణకు ఇచ్చే నిధులు చాలకపోతే పేదవారికి ముందు ఇవ్వాలన్నారు. 2014లో వచ్చిన కొత్త చట్టంలో, నిధులు చాలినా చాలకపోయినా పేదవారికి ముందు అని మార్చారు. అంతేకాదు, చదవడం, రాయడం, లెక్కలు సరిగా రానివారిని కూడా ఆ ముందు వరసలో చేర్చారు. చూశారా! మేము మార్కులు ఎక్కువ ఉన్నవారికి ముందు అన్నాం. వాళ్లు చదువు తక్కువ ఉన్నవారికి ముందు అన్నారు.

నాకు అర్థమైనది

మా అక్క సీటు తప్పు అని నేను అనను. మాకూ సెంటు భూమి లేదు. ఆమె ఎవరి సీటూ లాక్కోలేదు. కానీ కాగితం మీద మా మిత్రుడి అక్కకు మా అక్క కంటే తక్కువ హక్కేమీ లేదు. వయసు విషయంలో పీవీటీజీలకు సడలింపు కూడా ఇచ్చారు. అయినా వరసలో నిలబడకముందే ఆమె వెనకబడిపోయింది. కబురు దగ్గర ఒకసారి, దారి దగ్గర ఒకసారి, ధ్రువపత్రం దగ్గర ఒకసారి. కాబట్టి ప్రాధాన్యం అనేది ఎంపిక రోజున మొదలైతే సరిపోదు. కబురు పంపే రోజునే మొదలవ్వాలి.

నాకు తోచిన ఉపాయాలు ఇవి. కబురు ముందుగా పై ఊళ్లకు పంపి, తర్వాత రోడ్డు ఊళ్లకు పంపాలి. 30 సీట్లలో కొన్ని పై ఊళ్ల కోసం పది రోజులు ఆపి ఉంచాలి. ఎవరూ రాకపోతే అప్పుడు మిగతావాళ్లకు ఇవ్వాలి, సీటు ఖాళీగా పోకూడదు. కాగితం లేనివారిని చేర్చుకుని, తెచ్చుకోవడానికి గడువివ్వాలి.

ఇవి పెద్దలు చేయాల్సినవి. మన చేతిలోనూ కొన్ని ఉన్నాయి. పదో తరగతి వాళ్లలో ఎవరికి కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా లేవో ఒక జాబితా రాసి వార్డెన్ గారికి ఇద్దాం. పరీక్షల ముందే అవి తెప్పించమని వార్డెన్ గారిని వినయంగా కోరుతున్నాను. శిక్షణల ప్రకటనలు ఈ గోడపత్రిక పక్కనే అంటించాలని కూడా మనవి. సెలవులకు పై ఊళ్లకు వెళ్లే మిత్రులు వాటిని నోటు పుస్తకంలో రాసుకుని పోయి అక్కడ చదివి వినిపించాలి.

మా మిత్రుడి అక్క ధ్రువపత్రం కోసం మేమిద్దరం దరఖాస్తు రాశాం. వచ్చే సెలవులకు వాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి సంతకం చేయిస్తాడు.

ఆలోచించండి

1. మీ ఊరికి శిక్షణ కబురు ఎవరు తెస్తారు? ఎన్ని రోజులకు వస్తుంది?
2. 30 సీట్లు మీ చేతికి ఇస్తే ఎవరి పేరు మొదట రాస్తారు? చివర ఎవరి పేరు కొట్టేస్తారు? ఆ మనిషికి కారణం ఎదురుగా చెప్పగలరా?

జవాబులు రాసి పత్రిక కింద ఉన్న పెట్టెలో వేయండి. వచ్చే నెల మంచివి ఇక్కడే రాస్తాం.

ఇట్లు,
మీ మిత్రుడు, 10వ తరగతి