పాత డెస్క్‌టాప్ మార్చాలా, ఇంకో రెండేళ్లు నడపాలా? డబ్బు తీసే ముందు చేయాల్సిన 5 పరీక్షలు

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2014లో కొన్నది. ఇంటెల్ ఐ3-4150 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2025 దసరాకి ఇంటికి వెళ్లేసరికి దాని పరిస్థితి ఏంటంటే, నాన్న పవర్ బటన్ నొక్కి, వెళ్లి టీ తాగి వస్తే అప్పటికి డెస్క్‌టాప్ మీద ఐకాన్లు కనిపించేవి. క్రోమ్ తెరుచుకోవడానికి ఇంకో నిమిషం. "ఇంక దీని పని అయిపోయింది, కొత్తది చూడరా" అన్నారు నాన్న. నలభై ఐదు వేలు పక్కన పెట్టి ఉంచారు కూడా.

నిజం చెప్పాలంటే నాకూ కొత్తదే కావాలనిపించింది. గ్రాఫిక్స్ కార్డు ఏది పెట్టాలో అప్పటికే లిస్టు రాసుకున్నా. కానీ తమ్ముడు ఇంటర్ సెకండియర్. వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరితే వాడికి ల్యాప్‌టాప్ ఎలాగూ కొనాలి. ఇప్పుడు ఆ డబ్బుతో డెస్క్‌టాప్ కొంటే అప్పుడు ల్యాప్‌టాప్‌కి అప్పు చేయాలి. అందుకే కొనే ముందు ఒక రోజు కూర్చుని, అసలు జబ్బు ఎక్కడుందో చూద్దామనుకున్నా. ఆ పరీక్షలే ఇక్కడ వరసగా చెప్తున్నా. చివరి దశ తప్ప వేటికీ స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు: బ్యాకప్

ఇది పరీక్ష కాదు, నేను చేసిన తప్పు. కంప్యూటర్ స్లోగా ఉంది కదా అని మొదట డిస్క్ మొత్తాన్ని స్కాన్ చేసే 'చెక్ డిస్క్' పెట్టి పడుకున్నా. పొద్దున్నే చూస్తే హార్డ్ డిస్క్ లోంచి టిక్ టిక్ శబ్దం. కొన్ని ఫోల్డర్లు తెరుచుకోలేదు. అందులో 2016లో మా అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు తీసిన ఫోటోలున్నాయి. ఆమె ఇప్పుడు లేదు. అమ్మ ఫోన్‌లో వాట్సాప్‌లో పంపుకున్న 11 ఫోటోలు మాత్రం చిన్న సైజులో దొరికాయి.

ఏం జరిగిందంటే, చావుకి దగ్గరపడ్డ డిస్క్ చేత నేను రాత్రంతా బరువు మోయించా. దానికి ఎంత ఓపిక మిగిలి ఉంటే అంతా ముందు ఫైళ్లు కాపీ చేయడానికే వాడాలి. కాబట్టి మీరు ఏ పరీక్షైనా మొదలుపెట్టే ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు వేరే డిస్క్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేసేయండి. అన్నిటికంటే విలువైన ఫోల్డర్‌తో మొదలుపెట్టండి, సినిమాలు చివర్లో.

పరీక్ష 1: డిస్క్ ఆరోగ్యం

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రికార్డును ఇది చదివి చూపిస్తుంది. ఇందులో మూడు వరసలు చూడండి:

- 05: పాడైపోయి, వాటి బదులు స్పేర్ సెక్టార్లు వాడుతున్న చోట్ల లెక్క.
- సీ5: డిస్క్ చదవలేక ఇబ్బంది పడుతూ పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు.
- సీ6: సరిచేయలేకపోయిన సెక్టార్లు.

ఈ మూడూ సున్నా ఉంటే మంచిది. మాది సీ5లో 48 చూపించి, పైన పసుపు రంగులో 'కాషన్' అని పెట్టింది. (ఈ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, సెట్టింగ్స్‌లో డెసిమల్‌కి మార్చుకుని చదవండి.) ఇది చెక్ డిస్క్‌కి ముందే చూసి ఉంటే ఆ రాత్రి స్కాన్ పెట్టేవాణ్నే కాదు. సీ5 పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ని నమ్మొద్దు. అయితే డిస్క్ పోయిందంటే కంప్యూటర్ పోయినట్టు కాదు. టైరు పంక్చరైతే బండి అమ్మేయం కదా.

పరీక్ష 2: స్లోకి కారణం డిస్కా, కాదా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద క్లిక్ చేయండి. కంప్యూటర్ ఆన్ అయిన మొదటి ఐదు నిమిషాలు అక్కడే చూస్తూ ఉండండి.

మాది 100 శాతం యాక్టివ్ అని చూపించింది. కానీ రీడ్ స్పీడ్ సెకనుకి 1 ఎంబీ కూడా దాటలేదు. వంద శాతం పని చేస్తూ ఇంత తక్కువేంటి అని మొదట నాకూ అర్థం కాలేదు. లెక్క వేస్తే తేలింది.

7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన డేటా హెడ్ కిందకి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి, అది 4.2 మిల్లీసెకన్లు. హెడ్ సరైన ట్రాక్ దగ్గరికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం ఒక్కో ముక్కకి దాదాపు 12.5 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి 80 ముక్కలు. విండోస్ బూట్ అయ్యేటప్పుడు అడిగేవి ఎక్కువగా చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలే. ఒక్కోటి 4 కేబీ అనుకుంటే 80 × 4 = సెకనుకి 320 కేబీ! పెద్ద సినిమా ఫైల్ కాపీ చేసేటప్పుడు 100 ఎంబీ దాటే అదే డిస్క్, ఇక్కడ ఇలా కూలబడుతుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా మిల్లీసెకనులో పదో వంతు దగ్గర్లో జవాబిస్తుంది. పాత కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ పెడితే కొత్తదానిలా అనిపించడానికి అసలు కారణం ఇదే. బాక్స్ మీద రాసిన 550 ఎంబీ స్పీడ్ ఆ తర్వాతి మాట.

పరీక్ష 3: ర్యామ్ చాలుతోందా?

మీరు రోజూ వాడే పద్ధతిలోనే అన్నీ తెరవండి. మా ఇంట్లో అయితే క్రోమ్‌లో ఆరు ట్యాబ్‌లు, నాన్న ఎక్సెల్ షీట్, తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 85, 90 శాతం దాటి అక్కడే ఉంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. ర్యామ్‌లో చోటు లేనప్పుడు విండోస్ ఆ డేటాని డిస్క్ మీదకి తోస్తుంది. అసలే నత్తనడక డిస్క్, దానికి ఇదొక అదనపు పని. రెండు జబ్బులు కలిసి ఒక్క జబ్బులా కనిపిస్తాయి.

ఇంకో చిన్న విషయం. సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ చూడండి. 32-బిట్ విండోస్ ఉంటే 4 జీబీ పెట్టినా అది పూర్తిగా వాడుకోలేదు. ముందు 64-బిట్‌కి మారాలి, ఆ తర్వాతే ర్యామ్ కొనాలి.

పరీక్ష 4: ప్రాసెసర్ నిజంగా ముసలిదైందా?

డిస్క్, ర్యామ్ ఖాళీగా ఉండి, సీపీయూ మాత్రమే 90, 100 శాతం దగ్గర ఉంటే అప్పుడు ప్రాసెసర్‌ని అనాలి. యూట్యూబ్‌లో 1080పీ వీడియో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. కోడెక్ అన్నచోట వీపీ09 అనో, ఏవీ01 అనో ఉంటుంది. ఐ3-4150 కాలం నాటి ఇంటెల్ గ్రాఫిక్స్‌లో హెచ్.264 వీడియోకి పూర్తి హార్డ్‌వేర్ సాయం ఉంది, ఈ కొత్త రెండిటికీ అలాంటి పూర్తి సాయం లేదు. అందుకే బరువు సీపీయూ మీద పడి ఫ్యాన్ గోల మొదలవుతుంది. హెచ్264ఇఫై లాంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెడితే యూట్యూబ్ పాత కోడెక్‌లోనే వీడియో పంపుతుంది. 1080పీ వరకు హాయిగా నడుస్తుంది. 4కే చూడాలంటే మాత్రం ఇది దారి కాదు.

తమ్ముడి పని క్లాసులు, ఎప్‌సెట్ మాక్ టెస్టులు. వాటికి మా ఐ3 సరిపోయింది. నేను లిస్టు రాసుకున్న గేమ్స్‌కి సరిపోదు. కానీ ఆ గేమ్స్ అవసరం నాది, ఇంటిది కాదు.

పరీక్ష 5: సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయా?

స్పీడ్ బాగున్నా ఇక్కడ ఫెయిలైతే ఆలోచించాల్సిందే. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్‌తో పాటు ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి. మాది 4వ జనరేషన్, ఆశ లేదు. ఏదో ట్రిక్‌తో ఎక్కించే వీడియోలు బోలెడున్నాయి. కానీ అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నాన్న బ్యాంక్ పనులు చేసే మెషిన్‌లో నేను ఆ పని చేయలేదు.

మిగిలిన దారులు రెండు:

- ఈఎస్‌యూ: 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ప్రోగ్రామ్. వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే చేరొచ్చు.
- లినక్స్: లినక్స్ మింట్ 22కి 2029 వరకు సపోర్ట్ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. వైఫై, ప్రింటర్, వెబ్‌క్యామ్, తెలుగు టైపింగ్ నాలుగూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. ఇంట్లో ఎవరైనా అను స్క్రిప్ట్‌తో డీటీపీ చేస్తున్నా, ట్యాలీ వాడుతున్నా ఈ దారి వద్దు. అవి విండోస్ కోసం చేసినవి.

యాంటీవైరస్ ఉంది కదా అంటారేమో. యాంటీవైరస్ వాకిట్లో వాచ్‌మన్ లాంటిది. విండోస్‌లోనే ఉన్న లోపం విరిగిన కిటికీ లాంటిది. వాచ్‌మన్ ఉన్నాడని కిటికీ వదిలేయం.

అయిన ఖర్చు, వేసిన లెక్క

మేం కొన్నవి: 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ రూ. 1,850, సెకండ్ హ్యాండ్ 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ రూ. 700, థర్మల్ పేస్ట్ రూ. 150, సీఆర్2032 బ్యాటరీ రూ. 40. మొత్తం రూ. 2,740. ధరలు మారుతూ ఉంటాయి, మీరు కొనే రోజు రేటు చూసుకోండి.

ఆ నలభై రూపాయల బ్యాటరీ గురించి ఒక మాట. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద ఈ నాణెం బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పైతే బ్రౌజర్ వెబ్‌సైట్ల సర్టిఫికెట్లను నమ్మదు, ప్రతి సైట్‌కీ ఎర్రర్ చూపిస్తుంది. మా నాన్న దాన్ని వైరస్ అనుకున్నారు.

పాత డిస్క్ జబ్బుపడింది కాబట్టి క్లోన్ చేయకుండా ఎస్‌ఎస్‌డీలో విండోస్ కొత్తగా వేశా. ఇదే మదర్‌బోర్డు మీద డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయి ఉంటే, నెట్ కలపగానే మళ్లీ దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మాలాంటి హెచ్81 బోర్డుల్లో నాలుగు సాటా పోర్టులుంటే రెండే 6 జీబీపీఎస్‌వి, ఎస్‌ఎస్‌డీని వాటిలో ఒకదానికి పెట్టండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశా: పవర్ బటన్ నుంచి క్రోమ్ తెరుచుకునేదాకా ముందు 4 నిమిషాల 10 సెకన్లు, తర్వాత 38 సెకన్లు.

పాత మెషిన్ మీద ఖర్చు పెట్టేటప్పుడు నేను వాడే సూత్రం ఒకటే: ఏ పార్ట్ మనతో వస్తుంది, ఏది దీంతోనే పోతుంది? ఎస్‌ఎస్‌డీ రేపు ఇంకో కంప్యూటర్‌కి పెట్టుకోవచ్చు, యూఎస్‌బీ కేస్ వేసి బ్యాకప్‌కి వాడుకోవచ్చు. డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డులకి పనికిరాదు. అంటే మేం నిజంగా ఈ పాత పెట్టె మీద పెట్టింది రూ. 890 మాత్రమే. అదే ఎవరైనా దీనికి పాత ఐ7, పెద్ద డీడీఆర్3 కిట్, కొత్త మదర్‌బోర్డు అంటూ ఎనిమిది, పది వేలు పెట్టమంటే వద్దంటా. అదంతా దీంతోనే పోయే డబ్బు.

మార్చేయాల్సిందే అనేది ఎప్పుడు?

ఇది విని మా బాబాయి తన షాపు కంప్యూటర్ పట్టుకొచ్చాడు. కోర్ 2 డుయో, డీడీఆర్2 ర్యామ్, ఇంకా విండోస్ 7. దాని సపోర్ట్ 2020 జనవరి 14నే ముగిసింది. మూత తీస్తే మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. మధ్యలో దానంతటదే ఆఫ్ అయిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసినా అంతే.

"మీది బాగు చేశావు కదరా, నాదీ చెయ్" అన్నాడు. చేయనన్నా. అందులో జీఎస్టీ లెక్కలున్నాయి. నెలాఖరున అది ఒక్క రోజు ఆగితే అయ్యే నష్టం మనం మిగిల్చే డబ్బు కంటే ఎక్కువ. డేటా బయటికి తీసిచ్చి, 8వ జనరేషన్ లేదా ఆ పైన ఉన్న రిఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్ బిల్లు, వారంటీతో తీసుకోమన్నా. విండోస్ 11 లిస్టులో ఆ ప్రాసెసర్ ఉందో లేదో చూశాకే డబ్బు కట్టమన్నా. కొంచెం అలిగాడు, కానీ తీసుకున్నాడు.

చివరగా, ఒక్క చూపులో

- బ్యాకప్ ముందు, పరీక్షలు తర్వాత.
- డిస్క్ 100 శాతం, సీపీయూ ఖాళీ: ఎస్‌ఎస్‌డీ పెట్టండి.
- మెమరీ నిండిపోతోంది, స్లాట్ ఖాళీ ఉంది: తక్కువలో వస్తే ర్యామ్ పెట్టండి.
- సీపీయూనే చాలట్లేదు, మీ పనికి అది కావాలి: కొత్తది చూడండి.
- మదర్‌బోర్డు పాడైంది, లేదా మెషిన్ ఆగితే మీ సంపాదన ఆగుతుంది: మార్చేయండి.
- అప్‌డేట్లు వచ్చే దారి ఏదీ మీకు కుదరదు: స్పీడ్ ఎంతున్నా బ్యాంక్ పనులకి వాడొద్దు.

మా డెస్క్‌టాప్‌కి నేను పెట్టిన గడువు 2026 అక్టోబర్. ఆ తర్వాత మింట్‌కి మారుస్తాం. నాన్న ఇప్పటికే పెన్‌డ్రైవ్ నుంచి ఒక వారం వాడి చూశారు, ఆయన కంప్లైంట్ ఒక్కటే, ఐకాన్ల రంగు నచ్చలేదట. నలభై ఐదు వేలు తమ్ముడి ల్యాప్‌టాప్ కోసం అలాగే ఉన్నాయి. నా గ్రాఫిక్స్ కార్డు లిస్టు కూడా అలాగే ఉంది, అది నా జీతంతో కొనుక్కుంటా.