ఆంగ్ల పాఠము: ‘ప్రేయింగ్’ ఎక్కడ, ‘టు ప్రే’ ఎక్కడ?



మా సంఘ యౌవనస్థుడొకడు ఉద్యోగము కోసం వేరే రాష్ట్రము వెళ్తుంటే, అక్కడి సంఘానికి ఇంగ్లీషులో పరిచయ పత్రము వ్రాసి ఇచ్చాము. తల్లికి జబ్బు చేసిందని కబురు అందిన రోజున, ఇంటికి పరుగున వెళ్తూ కూడా అతడు మందిరము దగ్గర ఆగి ప్రార్థించాడు. ఆ సంగతి చెప్పాలని మా ఉద్దేశము. ‘హి స్టాప్డ్ టు ప్రే’ అని వ్రాయవలసిన చోట ‘హి స్టాప్డ్ ప్రేయింగ్’ అని వ్రాశాము. అంటే, తల్లికి జబ్బు చేయగానే ప్రార్థించడం మానేశాడని అర్థము! అక్కడి పాస్టరుగారు, “ఏం బాబూ, ప్రార్థన ఎందుకు మానేశావు?” అని అడిగారట. తప్పు మాది, సిగ్గు ఆ అబ్బాయికి. సరిచేసి మరల ఉత్తరము పంపాము. అందుకే ఈ పాఠము.

ఈ తప్పు మనకు ఎందుకు వస్తుంది? తెలుగులో ‘చదవడం’ అనే మాటకే విభక్తి చేర్చి ‘చదవడానికి’ అంటాము. కోరాపుట్, రాయగడ జిల్లాలలో మన పిల్లలు బడిలో నేర్చే ఒడియా కూడా అంతే: ‘పఢిబా’ అంటే చదవడం, ‘పఢిబాకు’ అంటే చదవడానికి. ఇంగ్లీషులో ‘రీడింగ్’, ‘టు రీడ్’ అని రెండు వేరు రూపములు ఉన్నాయి. మొదటిది జెరండ్, రెండవది ఇన్ఫినిటివ్. ఏది వాడాలో చాలాసార్లు ముందున్న క్రియే నిర్ణయిస్తుంది.

1. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, కీప్ – వీటి తరువాత జెరండ్. ‘ఐ ఎంజాయ్ సింగింగ్’ అనాలి, ‘టు సింగ్’ అనకూడదు.

2. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్ – వీటి తరువాత ఇన్ఫినిటివ్. ‘వి డిసైడెడ్ టు గో.’

3. బిగిన్, స్టార్ట్, కంటిన్యూ – ఏది వాడినా దాదాపు ఒకటే అర్థము.

4. స్టాప్, రిమెంబర్, ఫర్గెట్ – ఇక్కడే జాగ్రత్త. ‘రిమెంబర్ టు పే ద ఫీజ్’ అంటే ఫీజు కట్టడం మరచిపోవద్దని. ‘ఐ రిమెంబర్ పేయింగ్ ద ఫీజ్’ అంటే కట్టినట్టు నాకు జ్ఞాపకమని. ‘టు’ ఇక జరగవలసిన పనిని చూపుతుంది. ‘ఇంగ్’ జరిగిన, లేక జరుగుతున్న పనిని చూపుతుంది.

5. ఫర్, ఇన్, వితౌట్ వంటి చిన్న మాటల తరువాత ఎప్పుడూ జెరండే. ‘థాంక్ యూ ఫర్ హెల్పింగ్ అస్.’

సునాబెడలోని హెచ్.ఎ.ఎల్.కు గాని, దామంజోడిలోని నాల్కోకు గాని, రాయగడ దగ్గర జేకేపూర్ కాగితపు మిల్లుకు గాని ఉత్తరము వ్రాసే మన పిల్లలు చివరి వాక్యము చూసుకోవాలి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ తప్పు, ‘టు హియరింగ్’ ఒప్పు. ‘టు’ ఉంది కదా, మరి ‘హియర్’ ఎందుకు కాదు? ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ ‘టు’ తరువాత ‘యువర్ లెటర్’ అని పెట్టి చూడండి. వాక్యము సరిగా కుదిరింది. నామవాచకము కుదిరే చోట ఆ ‘టు’ ఇన్ఫినిటివ్‌ది కాదు, కనుక ‘ఇంగ్’ రావాలి.

అభ్యాసము: (అ) షి ఫినిష్డ్ —— (కుక్). (ఆ) వి హోప్ —— (మీట్) యు. (ఇ) డోంట్ ఫర్గెట్ —— (బ్రింగ్) యువర్ బైబిల్.
జవాబులు: కుకింగ్, టు మీట్, టు బ్రింగ్.

చెప్పులు కుట్టే వృత్తి నుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీ విలియం కేరీగారు 1793లో బెంగాలు చేరారు. 1814లో శ్రీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో అచ్చు వేయించారు. మన క్రియారూపములను ఆయన అంత ఓపికగా నేర్చుకొనగా, ఆయన భాషలోని ఈ రెండు రూపములు మనకు భారమా? ఈ వారము కుటుంబ ప్రార్థన అయిన తరువాత, పిల్లలతో కూర్చుని ఒక్కొక్క క్రియతో ఒక్కొక్క వాక్యము వ్రాయించండి.

ప్రభువు మీ పిల్లల చదువులను దీవించును గాక.